నల్లగీతల్లో మామయ్య

“ఓ నా అన్నో! నా కొండంత అన్నో! మమ్మల్నొదిలి ఎలా వెళ్ళిపోయావయ్యా అన్నో!”

గేటు బయట మగవాళ్ళ ఏడుపు మళ్ళీ మొదలైంది. పొద్దున్నుంచి ఇది నాలుగో జట్టు.

వంటింట్లో టొక్తోసున్ టీ గిన్నె మీంచి తలెత్తలేదు. నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కని టీలో ముంచి, నోట్లో వేసుకుని, నిదానంగా నమిలాడు. ఎదురుగా బల్ల మీద ఈ వారం ‘ఆక్‌బెల్ గొంతు’ పేపరు పరిచి ఉంది. మూడో పేజీలో నల్లగీతల మధ్య, తెల్ల ఉన్ని టోపీ పెట్టుకుని, ఆయనే నవ్వుతున్నాడు.

పేపరు చంపేసిన మనిషి టీ తాగుతున్నాడు. తాగుతున్నాడు గానీ, కోడలితో మాత్రం పొద్దున్నుంచి ఒక్క ముక్క మాట్లాడలేదు.

కోడలు జిపారా పొయ్యి దగ్గర నిలబడి, ఇప్పటికే ఉడికిపోయిన మాంసాన్ని మళ్ళీ మళ్ళీ కలుపుతోంది. ఆ పేపరుకి సంపాదకురాలు ఆమే. అదే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పేరు కూడా ఆమెదే. రేపు మామగారికి డెబ్బై అయిదేళ్ళు నిండుతున్నాయి. ఊరంతటికీ విందు. పూలగీతల మధ్య ‘నూరేళ్ళు బతకాలి’ అని వేయాల్సిన ఫోటో అది. విందు కోసమే నిన్న పెరట్లో పెద్ద ఉన్ని గుడారం వేశారు, అయిదు కళాయిలు దించారు. ఎవరైనా పోయినా పెరట్లో లేచేది అదే గుడారం, ఎక్కేది అవే కళాయిలు. పేపరు చూసి అనుమానంతో వచ్చినవాళ్ళకి కూడా దూరంనుంచి గుడారం కనపడగానే ఆ అనుమానం తీరిపోతోంది. గుర్రం దిగి గొంతెత్తేస్తున్నారు! జిపారా గేటు దాకా వెళ్ళి నిజం చెప్పేదాకా ఆపడం లేదు.

“నేను ఏడవనా, వద్దా? ఎవరో ఒకరు తేల్చండి,” అంది అత్తగారు కలీచా, తలగుడ్డ సర్దుకుంటూ. “పెళ్ళాం గుడారంలో గోడవైపు తిరిగి కూచుని పాట కట్టి ఏడవాలి కదా. యాభై రెండేళ్ళ కాపురం! ఏం పాడాలో నేనెప్పుడో కట్టిపెట్టుకున్నా. మర్చిపోయేలోపు ఒకసారి పాడేసుకుంటే పోలా?”

“అత్తయ్యా!”

“ఏంటమ్మా అత్తయ్యా? పేపర్లో వేసింది నువ్వు. ఏడవడానికి నేను పనికిరానా?”

జిపారాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగేసింది. మామగారి వైపు ఓరగా చూసింది. ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని, తన చావు వార్తని ఏడోసారి చదువుతున్నాడు.

అరిచినా బాగుండేది. గిన్నె విసిరేసినా బాగుండేది. ఈ మౌనం భరించడమే కష్టంగా ఉంది.

పైగా ఇవాళ మధ్యాహ్నం మూడింటికి జిల్లా పెద్ద సుల్తానాలీ ఆమెని తన ఆఫీసుకి రమ్మన్నాడు. పోయిన వారమే చేతికి ఒక కాగితం నకలు ఇచ్చాడు. చందాదారులు పదిహేను వందలమంది లేకపోతే పేపరు మూసి, రాష్ట్రం పేపర్లో కలిపేస్తారట. ఉన్నది పదకొండు వందల పన్నెండు. ఆ కాగితం ఇస్తూ ఆయన అన్న మాట జిపారా చెవుల్లో ఇంకా గింగురుమంటూనే ఉంది. ‘ఈ రోజుల్లో నీ పేపరు ఎవరు చదువుతున్నారమ్మా? మాంసం చుట్టుకోడానికి తప్ప!’

ఇప్పుడిక చెప్పేదేముంది! బతికున్న మనిషిని, అందులోనూ సొంత మామగారిని చంపిన పేపరు! మూడింటికి వెళ్తే ఆయన కుర్చీ కూడా చూపించడు. తొంభై ఏళ్ళ పేపరు, తన చేతుల్లో, ఒక్క ఫోటోతో పోయింది.

బయట ఏడుపు దగ్గరికొచ్చింది. ఈసారి గొంతు జిపారా గుర్తుపట్టింది. పాత పోస్టుమ్యాన్ బైషెనాలి. కిందివూరి నుంచి ఎనిమిది కిలోమీటర్లు గుర్రం మీద వచ్చుంటాడు. ఆయన ఏడిస్తే కొండలు కూడా ముక్కు చీదుకుంటాయని పేరు.

“సీసం అక్షరాలు ఏరి ఏరి వేళ్ళు నల్లబడ్డ నా అన్నో! నువ్వు అచ్చేస్తే మంచులో మోసుకెళ్ళింది నేనే కదా అన్నో! మాస్కో పేపరు మూడ్రోజులకొస్తే, నీ పేపరు తెల్లారేసరికి కాపరి గుడారంలో ఉండేది కదా అన్నో!”

టొక్తోసున్ నమలడం ఆపాడు. చెవి కిటికీవైపు తిప్పాడు.

“గోడమీద రేడియో పెట్టె ఒకటే పాట పాడే రోజుల్లో, మా ఊరి వార్త మాకు చెప్పిన అన్నో! పాత రాజ్యం కూలినా పేపరు కూలనివ్వని అన్నో! తొంభై మూడులో కాగితం దొరక్కపోతే, చక్కెర సంచుల కాగితం కోసి, దానిమీద అచ్చేసిన నా సింహమో!”

“తొంభై మూడా?” అన్నాడు టొక్తోసున్.

ఇంట్లో అందరూ ఉలిక్కిపడ్డారు. పొద్దున్నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

ఆయన లేచాడు. కిటికీ రెక్క ఒక్క తోపు తోశాడు.

“ఒరేయ్ బైషెనాలీ! తొంభై మూడు కాదురా, తొంభై నాలుగు! తొంభై మూడులో కాగితం ఉంది, కరెంటే లేదు. చేత్తో తిప్పి అచ్చేశాం! ఏడ్చేవాడివి సరిగ్గా ఏడువు!”

బయట ఏడుపు టక్కున ఆగింది. ఒక గొర్రె మాత్రం ‘మే’ అంది.

“అన్నా,” అన్నాడు బైషెనాలి, ఆకాశంకేసి చూస్తూ. “పైనుంచి మాట్లాడుతున్నావా?”

“వంటింట్లోంచి.”

తర్వాత జరిగింది చెప్పడం కష్టం. గేటు తోసుకుని నలుగురు ముసలాళ్ళు ఒకేసారి లోపలికొచ్చారు. ఒకడు టొక్తోసున్ బుగ్గలు పట్టి లాగి చూశాడు, ఒకడు దండం పెట్టాడు. బైషెనాలి మాత్రం టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

“ఎనిమిది కిలోమీటర్లయ్యా! ఎనిమిది కిలోమీటర్లు ఏడ్చుకుంటూ వచ్చాను! దారిలో గుర్రం కూడా ఏడ్చింది! నువ్విక్కడ బోర్సోకులు తింటున్నావా?”

“నా ముందు ముగ్గురు పోతే మా అమ్మ నాకు పెట్టిన పేరేంట్రా? ‘ఆగిపో, ఉండిపో’ అనేగా. ఉండిపోయాను. నన్నేం చేయమంటావు?”

“పేపర్లో వేశారుగా!”

“ఫోటో కింద ‘పశువుల డాక్టరు’ అని రాసుంది, చూళ్ళేదా? నేనెప్పుడు పశువుల డాక్టర్నయ్యాను?”

“కళ్ళజోడు పెట్టుకునే టైమెక్కడిది? ఫోటో చూశాను, పేరు చూశాను, గుర్రమెక్కాను.” బైషెనాలి ముక్కు తుడుచుకుని పెరట్లోకి చూశాడు. అక్కడ అప్పటికే నాలుగు గొర్రెలు కట్టేసి ఉన్నాయి. “ఇదిగో, చెప్తున్నా. ఏడుపుకి తోలుకొచ్చిన గొర్రెని వెనక్కి తోలుకెళ్ళను. మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు.”

“ఎవడు తోలుకెళ్ళమన్నాడు? రేపు పండక్కి ఉంటుంది. నువ్వూ ఉండు.”

“ఉంటాను. నాకు మళ్ళీ ఏడ్చే ఓపిక లేదు.”

నవ్వులు పెరటినిండా పొర్లాయి. కలీచా అందరికీ టీ పోస్తూ, “నా పాట వృథా అయిపోయింది,” అని ఒకటే గొణుగుడు. జిపారా ఒక్కతే గుమ్మంలో నిలబడిపోయింది. మామగారు అందరితో మాట్లాడుతున్నాడు, తనతో తప్ప.

*

అప్పుడే చొల్పాన్ పరిగెత్తుకుంటూ వచ్చింది. పేపరు పేజీలు కంప్యూటర్లో కూర్చేది ఆ పిల్లే. రాజధానిలో పుట్టి పెరిగింది, ఆక్‌బెల్ వచ్చి ఆరు నెలలైంది. కళ్ళు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి.

“అక్కా, నన్ను తీసేయండి. ఇప్పుడే తీసేయండి.”

“ముందు ఊపిరి పీల్చుకో. ఎలా జరిగిందో చెప్పు.”

“మీరే కదక్కా ఫోన్లో చెప్పారు!”

చెప్పింది. బుధవారం సాయంత్రం, కొండదారిలో, మంచు పడుతుంటే, జిపారాయే వ్యాన్ కిటికీకి ఆనుకుని చెప్పింది. ఆ వారం పేపర్లో వేయాల్సినవి రెండు ఫోటోలు. ఒకటి పండగ చేసుకుంటున్న మామగారిది. ఒకటి పైవూళ్ళో పోయిన పశువుల డాక్టరుది. ఇద్దరిదీ ఒకటే పేరు. ఇద్దరూ తెల్ల టోపీ పెట్టిన ముసలాళ్ళే. ‘ఏది ఎవరిదక్కా, పేరు చెప్పండి’ అని చొల్పాన్ అడిగింది.

జిపారా ఎలా చెప్తుంది? మామగారి పేరు కోడలు నోటితో ఎత్తకూడదు. పాతికేళ్ళ కాపురంలో ఒక్కసారి ఎత్తలేదు. అదే పేరున్న పరాయి మనిషిని కూడా ‘ఆయన’ అనే అంటుంది. ఆఫీసులో అచ్చుకి ముందు ఇద్దరు కూర్చుని ప్రతి పేరూ పైకి చదివి సరిచూసే పద్ధతి ఉంది. అక్కడా మామగారి వంశం పేర్లు వస్తే ఆమె నోరు తెరవకుండా వేలు పెట్టి చూపిస్తుంది. అందరికీ తెలుసు. కొండదారిలో ఫోన్లో వేలెలా చూపిస్తుంది?

“‘నేను పేరెత్తకూడని ఆయన ఫోటో ఒకటి, రెండోది ఇంకొకాయనది, జాగ్రత్త’ అన్నారు మీరు. అంతే, ఫోన్ పోయింది,” అంది చొల్పాన్ వెక్కుతూ. “పేరెత్తకూడదంటే పోయినాయనే అనుకున్నానక్కా. మా బామ్మ పోయినవాళ్ళ పేరు పొద్దుగూకాక ఎత్తనిచ్చేది కాదు. అందుకని నల్లగీతల్లో పెట్టాను.”

కలీచా నోటి మీద చెయ్యి వేసుకుంది. “అంటే మర్యాదకి పోయి మనిషిని చంపావన్నమాట, కోడలా!”

ఎవరో కిసుక్కున నవ్వారు. జిపారా నవ్వలేదు. తప్పు ఆ పిల్లది కాదు. వ్యాన్ దిగాక ఆఫీసుకి వెళ్ళాల్సింది. చూడాల్సింది. చలిగా ఉందని, అలసటగా ఉందని, నేరుగా ఇంటికొచ్చేసింది.

“నువ్వెక్కడికీ పోవడం లేదు. వెళ్ళి టీ తాగు,” అంది.

“నేను చెప్తూనే ఉన్నానమ్మా,” అంటూ వచ్చింది కూతురు అదినాయ్, ఫోన్ చేతిలో పట్టుకుని. ఇరవై ఏళ్ళ పిల్ల. ఫోన్లో ‘ఆక్‌బెల్ కబుర్లు’ అనే చానెల్ నడుపుతుంది. ఊళ్ళో తప్పిపోయిన దూడ దగ్గర్నుంచి కొండదారి మూసుకుపోవడం దాకా అన్నీ అందులోనే. “కాగితం రోజులు పోయాయని నేను చెప్తూనే ఉన్నా. నా దగ్గరైతే ఒక్క నిమిషంలో తుడిచేద్దును. నీ కాగితం ఇప్పుడు పదకొండు వందల ఇళ్ళలో ఉంది, వెళ్ళి తుడుస్తావా?”

“ఇప్పుడు ఈ మాట అవసరమా?”

“అవసరమే! మూడింటికి ఆయన మూసేస్తానంటాడు, నువ్వు ఏడుస్తావు. మూసెయ్యనీ! నాతో రా. నువ్వు రాయి, నేను పెడతాను.”

“నీ దాంట్లో వార్త సాయంత్రానికి ఎక్కడుంటుందో చెప్పు. మీ తాత కోసిపెట్టిన చక్కెర సంచుల పేపరు ఇంకా బీరువాలో ఉంది.”

“బీరువాలో ఉంటే చదివేదెవరమ్మా? చెదపురుగులా?”

మాటా మాటా పెరిగేదే. మధ్యలో టొక్తోసున్ మనవరాలివైపు చెయ్యి ఊపాడు.

“ఇలా రావే. పొద్దున్న నా మొహానికి ఫోన్ పెట్టి ఏదో తీశావు కదా. అదేమైంది?”

అదినాయ్ మొహం ఒక్కసారి మారిపోయింది. ఫోన్ వెనక్కి పెట్టుకుంది.

“ఏం కాలేదు తాతా.”

“చూపించు.”

“ఎనిమిదింటికే పెట్టాను. నువ్వు టీ తాగుతున్నావు, ‘మా తాత బతికే ఉన్నాడు, పేపర్లో తప్పు పడింది’ అని రాశాను. పధ్నాలుగు వేలమంది చూశారు.”

“చూసి?”

అదినాయ్ గొంతు తగ్గించింది. “నమ్మలేదు.”

“ఏమన్నారు? చదువు.”

“‘పాత వీడియో పెట్టింది పాపం.’ ‘తాతని తట్టుకోలేకపోతోంది, ఎవరైనా వెళ్ళి పిల్ల దగ్గర కూర్చోండి.’ ‘ఇప్పుడు ఫోన్లో చచ్చినవాళ్ళతో కూడా టీ తాగిస్తున్నారు, నమ్మకండి.’” పెదవి కొరుక్కుంది. “నూట అరవై మంది ఒకటే మాట రాశారు తాతా. ‘పేపర్లో పడింది కదా.’”



టొక్తోసున్ పేపరు మడిచాడు. ఇంకో మడత పెట్టాడు. కోటు లోపలి జేబులో గుండె మీద పెట్టుకున్నాడు. జిపారావైపు ఒక్క క్షణం చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకి అర్థం కాలేదు.

గేటు బయట కారు ఆగింది. దాని వెనక ఇంకోటి.

అదినాయ్ గోడమీంచి తొంగిచూసి, నేలమీదికి దూకింది. “అమ్మా! జిల్లా పెద్ద! సుల్తానాలీ!”

 మూడింటిదాకా కూడా ఆగలేదు! తాళాలు తీసుకోడానికి ఇంటికే వచ్చాడు!

“ఏంటమ్మా, అలా ఉన్నాడేంటి?” అంది కలీచా, గోడ సందులోంచి చూస్తూ. “టోపీ సర్దుకుంటున్నాడు. గొంతు సవరించుకుంటున్నాడు.”

ఇరవై అడుగుల దూరం నుంచే మొదలైంది.

“ఓ నా బాబాయో! నాకు చదువు చెప్పిన పేపరేసిన బాబాయో!”

టొక్తోసున్ కళ్ళు మెరిశాయి. నోటిమీద వేలు పెట్టి అందర్నీ చూశాడు. మూలనున్న చేతికర్ర అందుకున్నాడు. మనిషి పోయిన ఇంట్లో మగవాళ్ళు గేటు దగ్గర కర్రల మీద వంగి వరసగా నిలబడాలి, వచ్చినవాళ్ళకి ఏడుపుతోనే జవాబివ్వాలి. ముసలాళ్ళు వెంటనే అలా వరస కట్టారు. ఆయన వెళ్ళి బైషెనాలి పక్కన, వరసలో మూడోవాడిగా, టోపీ కళ్ళమీదికి లాక్కుని నిలబడ్డాడు. ఏడుపు కూడా ఎత్తుకున్నాడు. “ఓ, మంచివాడే పోయాడో!”

“మామయ్యా, వద్దు,” అంది జిపారా. ఆయన వినిపించుకోలేదు.

సుల్తానాలీ మొదటివాణ్ణి కావలించుకుని ఏడ్చాడు. బైషెనాలిని కావలించుకున్నాడు. బైషెనాలి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, అది ఏడుపే అనుకుని ఆయన వీపు నిమిరాడు. మూడో మనిషిని గుండెకి హత్తుకున్నాడు.

“ఎంత మంచి మనిషయ్యా,” అన్నాడు ఆయన భుజం మీద తల పెట్టి.

“మరే. నాక్కూడా అలాగే అనిపిస్తోంది,” అన్నాడు టొక్తోసున్.

సుల్తానాలీ తల ఎత్తాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. వెనకున్న ఉద్యోగి కాలు తొక్కాడు. ఆ ఉద్యోగి మాత్రం ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు, ఎవరూ ఆపమని చెప్పలేదు పాపం!

పెరడు గొల్లుమంది. కోళ్ళు కూడా చెదిరిపోయాయి.

“రా నాయనా, లోపలికి రా. దయ్యాన్ని కాదు,” అన్నాడు టొక్తోసున్. సుల్తానాలీ చేతికి టీ గిన్నె అందేదాకా ఆగాడు. ఒక గుక్క తాగేదాకా కూడా ఆగాడు. “నేను పోయానని ఎవరు చెప్పారు?”

“పేపర్లో చూశాను బాబాయ్.”

“ఎక్కడ?”

“ఆఫీసులో. శుక్రవారం టీతో పాటు ముందు మూడో పేజీయే కదా చూసేది. ఎవరి పెళ్ళి, ఎవరి పండగ, ఎవరు పోయారు…” అక్కడ ఆగిపోయాడు. గొంతులో టీ అడ్డం పడింది.

“ప్రతి శుక్రవారమా?” అన్నాడు టొక్తోసున్ చాలా మెత్తగా.

సుల్తానాలీ జిపారావైపు చూడలేకపోయాడు.

“మా మనవరాలు ఫోన్లో పెట్టింది, నేను బతికే ఉన్నానని. చూశావా?”

“చూశాను. ఫోన్లో ఏవేవో పెడతారు బాబాయ్, అవన్నీ నమ్ముతామా?”

“చూడవే!” అంది కలీచా మనవరాలితో. అదినాయ్ గడ్డం ఎగరేసింది గానీ, నవ్వు ఆపుకోలేకపోయింది.

“అయితే ఒక పని చెయ్యి,” అన్నాడు టొక్తోసున్. “పేపరు ఎవరూ చదవరని రాశావు చూడు, ఆ కాగితం. దాన్ని మాంసం చుట్టుకోడానికి మాకిచ్చెయ్. అయిదు గొర్రెలున్నాయి.”

సుల్తానాలీ టోపీ తీసి తల గోక్కున్నాడు. మొహం బీట్‌రూట్ దుంపలా అయిపోయింది. చివరికి ఆయనకీ నవ్వొచ్చింది.

“చింపలేను బాబాయ్, నంబరు పడిపోయింది. కొత్త సంవత్సరం దాకా సొరుగులో పెడతాను. ఆలోపు చందాలు చేర్చుకోండి. కానీ,” జిపారావైపు తిరిగాడు, “ఒక్క మాటమ్మా. ఇక్కడ మనం నవ్వుకుంటున్నాం. పైవూళ్ళో నిజంగా పోయాడు మనిషి. ఆయన ఫోటో పూలల్లో ఉంది, కింద ‘నూరేళ్ళు బతకాలి’ అని ఉంది. ఆ ఇంటినుంచి ఒక్క ఫిర్యాదు కాగితం వచ్చిందంటే నా సొరుగు ఆపలేదు. పేపరు ఆ రోజే మూత.”



జిపారా ముందుకొచ్చింది. “నేను పొద్దున్నే వెళ్ళాల్సింది. ఇక్కడ గేటు వదల్లేక ఉండిపోయాను. ఇప్పుడే వెళ్తాను. ఫిర్యాదు ఆపడానికి కాదు. నేను ఆ ఇంటికి వెళ్ళాలి.”

“కోడలా,” అన్నాడు టొక్తోసున్.

పొద్దున్నుంచి మొదటిసారి. ఆమె తల వంచుకుని నిలబడింది.

“నేను అలిగాననుకున్నావా?”

“అవును మామయ్యా.”

“పిచ్చిదానా! పొద్దున్నుంచి నాలుగు జట్లు గేటు బయట నన్ను పొగుడుతున్నాయి. బతికుండగా ఎవరికి దక్కుతుందే ఈ భాగ్యం? మధ్యలో నీతో మాట్లాడితే ఒక మాట మిస్సవుతుందని నోరు మూసుకుని కూచున్నా.”

జిపారా రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి నవ్వే వచ్చింది, కన్నీళ్ళతో సహా.

“అలకైతే లేదు గానీ, తప్పుకి తప్పే,” అన్నాడాయన. గొంతు మారింది. “మా రోజుల్లో సీసం పేజీ యంత్రం ఎక్కాలంటే ప్రతి పేరూ పైకి చదవాలి. మంత్రి పేరైనా గొర్రెలకాపరి పేరైనా. వేలు పెట్టి చూపిస్తే ఒప్పుకునేవాళ్ళం కాదు. ఇంట్లో నా పేరు ఎత్తకు, అది నీ మర్యాద. ఆఫీసులో ఎత్తు, అది నీ పని. నేనే చెప్తున్నా, నేనే ఒప్పుకుంటున్నా.”

“అయ్యో, అయ్యో! కోడలు మామ పేరెత్తడమా!” అంది కలీచా. “పెళ్ళాన్ని, నేనే యాభై రెండేళ్ళలో ఒక్కసారి అనలేదు!”

“అయితే నువ్వూ విను, ఎలా ఉంటుందో. కోడలా, అను.”

“ఇప్పుడా?”

“ఇంతమంది ముందే. రేపెవరూ నిన్ను తప్పు పట్టకుండా.”

జిపారా పెదాలు తడుపుకుంది. ఎంత చిన్న పేరు అది! వేలసార్లు రాసింది, వేలసార్లు చదివింది. నాలుక మాత్రం కొత్తగా నడక నేర్చుకుంటున్న దూడలా తడబడింది.

“టొక్తోసున్,” అంది నెమ్మదిగా.

“మూలనున్నవాడికి వినపడలేదు. నీది పేపరా, చెవిలో గుసగుసా?”

“టొక్తోసున్!” అని అరిచింది జిపారా, గోడలు దాటేలా, కొండకి తగిలి తిరిగొచ్చేలా. పాతికేళ్ళ మూత ఎగిరిపోయినట్టయింది. ముసలాళ్ళు టోపీలు పైకి విసిరారు. కలీచా చెవులు మూసుకుని, ఒక చెవి మళ్ళీ తెరిచి, “బాగానే ఉంది పేరు,” అంది.

అప్పుడు చూశారు గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయిని.

ముప్పై ఏళ్ళుంటాయి. తలకి నల్లగుడ్డ. ఎప్పుడొచ్చిందో తెలీదు. ఒక చేతిలో ‘ఆక్‌బెల్ గొంతు’. రెండో చేతిలో నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం. జిల్లా ఆఫీసుకి రాసే కాగితాలు మడిచే పద్ధతిలో మడిచి ఉంది. సుల్తానాలీ దాన్ని చూసి టీ గిన్నె కింద పెట్టేశాడు.

“ఇప్పుడు మా నాన్న పేరు పిలిచారు,” అంది ఆ అమ్మాయి. “ఎవరు?”

విసిరిన టోపీలు ఎక్కడివక్కడ పడున్నాయి. ఎవరూ తీసుకోలేదు.

జిపారా వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడింది. “నేనే. పేపర్లో ఆ తప్పు చేసింది కూడా నేనే. మీ ఇంటికే బయల్దేరుతున్నాను. ఏం శిక్ష వేసినా…”

“అమ్మ ఈ కాగితం జిల్లా ఆఫీసులో ఇచ్చి రమ్మంది. మలుపు తిరుగుతుంటే కొండలోంచి నాన్న పేరు వినపడింది.” ఆమె నల్లగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది. “అమ్మ నలభై ఏళ్ళు ఆ పేరు పలకలేదు, మొగుడి పేరు కదా. ఆయన పోయాక, ఒక్కసారన్నా పైకి పిలవనైతినే అని ఒకటే ఏడుపు. ఇప్పుడు కూడా నోరు రావడం లేదు. మా ఇంటికొచ్చి, ఆమె ముందు నిలబడి, ఇప్పుడు పిలిచినట్టు పిలుస్తారా?”

“ఆ కాగితం?” అన్నాడు సుల్తానాలీ.

ఆ అమ్మాయి కాగితం చేతిలో తిప్పింది. కోటు జేబులో పెట్టుకుంది. “అమ్మ ఆ పేరు విన్నాక ఏం చెప్తుందో, అదే.”

జిపారా తలగుడ్డ బిగించి కట్టుకుంది. గేటు దాటింది.

“ఆగు కోడలా,” వెనకనుంచి టొక్తోసున్ కర్ర టకటకలాడింది. “ఆ డాక్టరుకి రావాల్సిన ఏడుపంతా పొద్దున్నుంచి నేను తినేశాను. వెళ్ళి తిరిగిచ్చేసి రావద్దూ? ఒరేయ్ బైషెనాలీ, గుర్రం తియ్యి. ఈసారి తారీఖులు నేను చెప్తా, నువ్వు ఏడువు.”